చూపు జారిన మాటలు

జూలై 10, 2147, సోమవారం

ఈ రోజు మొదటి వింత: ఒక పుస్తకంలో మాటలు అయిపోయాయి.

పొద్దున పడవలో తిరిగొచ్చిన పుస్తకాలను మెట్ల మీద పరిచి, తడిగుడ్డతో ఉప్పు తుడుస్తున్నాను. పుస్తకశాలలో చేరిన విద్యార్థికి మొదటి ఏడాది ఇదే పని. ఉప్పు తుడవాలి, ఎండకు పెట్టాలి, ఒక్కొక్కటీ తెరిచి పేజీ సరిగ్గా వెలుగుతోందో లేదో చూడాలి. తెరిచినప్పుడల్లా కాస్త చదువుకోవచ్చు గనక ఈ పని నాకు ఇష్టం. అలా తెరిచిన ఒక పుస్తకంలో పేజీ నిండా నీలం, మధ్యలో ఒక మేఘం బొమ్మ. కింద ఇంతే ఉంది:

"మేఘం. పోయింది. వచ్చింది. మేఘం."

ఆ కథ నాకు తెలుసు. దారి తప్పిన ఒక మేఘం గట్టు మీద ఇంటింటికీ తిరిగి, "ఇది సముద్రం వైపేనా?" అని అడుగుతుంది. ఒక ముంగిలిలో ముసలమ్మ దానికి తన చాట ఇచ్చి కూర్చోమంటుంది. మేఘానికి గుబులేసి అక్కడే చినుకులు రాలుస్తుంది. ముంగిలి, గుబులు అనే రెండు మాటలూ నాకు ఈ కథలోనే దొరికాయి. నేను పుట్టింది తేలువాడలో. పీపాల మీద పలకలు కట్టి, ఆ పలకల మీద ఇళ్ళు కట్టుకున్న చోట ఎవరికీ ముంగిలి ఉండదు. గడప దాటితే నీళ్ళే. నేల మిగిలింది గట్టు మీదే.

పుస్తకం తీసుకుని విశ్వేశం గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పుస్తకశాల పెద్ద.

"సార్, ఇది పాడైనట్టుంది."

ఆయన దాన్ని వెలుగుకు పెట్టి చూశారు. "పాడవలేదమ్మాయ్. చక్కగా పని చేసింది. బరువంతా దించేసింది."

"కథ కూడా దిగిపోయింది సార్."

"మోయలేని పిల్లకి మూట ఎత్తకూడదు కదా."

ఇవి చూపు పుస్తకాలు. నిలకడ తక్కువగా ఉన్న చిన్నపిల్లల కోసం చేసినవి. పేజీ అంచున ఆవగింజంత కన్ను ఒకటి ఉంటుంది. పిల్ల చూపు ఏ మాట దగ్గర పేజీ వదిలి పక్కకు జారితే, ఆ మాట పిల్లకు విసుగు పుట్టించిందని పుస్తకం అనుకుంటుంది. మర్నాటికి దాన్ని తీసేస్తుంది. వాక్యం చిన్నదవుతుంది. పిల్ల సులువుగా చదువుతుంది. మొదటి వారం పాఠంలో ఇది విన్నప్పుడు ఎంత దయగల పుస్తకమో అనుకున్నాను.

అట్ట మీద పేరు చూశాను. నూకరత్నం, మూడో తేలువాడ. మా వాడే. దాలమ్మక్క కూతురు, ఆరేళ్ళది.

"ఈ పిల్లకి వచ్చే సోమవారం తూకం," అన్నారు విశ్వేశం గారు. "ఇంత సన్నటి పుస్తకమైతే బొమ్మల బడికే."

తూకమంటే పుస్తకంలో ఎన్ని మాటలు మిగిలాయో చూసి పిల్ల ఏ బడికో తేల్చడం. బొమ్మల బడిలో అక్షరాలుండవు. గంట ఒకసారి మోగితే పసుపు బొమ్మ ఎత్తాలి, రెండుసార్లు మోగితే నీలం బొమ్మ ఎత్తాలి. పెద్దయ్యాక ఆ పిల్లలను గట్టు కింద సముద్రపు నీళ్ళు తోడే పంపుల దగ్గర పనికి పెడతారు. అక్కడా గంటలే మోగుతాయి.

జూలై 11, మంగళవారం

పుస్తకాలు తిరిగి ఇచ్చే వంతు ఇవాళ నాది కాదు. అయినా అడిగి తీసుకున్నాను.

దాలమ్మక్క పలకల మీద నాచు ఆరబెడుతోంది. నన్ను చూసి నడుం పట్టుకుని లేచింది.

"ఏటే పంతులమ్మా, గట్టు మీద కూడు ఎక్కడం నేదేటి? ఎండిపోయిన రొయ్యలాగున్నావు."

"నువ్వు పెట్టొచ్చు కదక్కా."

"పెడతాను గానీ, ముందిది సెప్పు." కొంగున దాచిన చీటీ తీసింది. తూకానికి రమ్మని బడి వాళ్ళు పంపింది. "మాటలు తక్కువున్నాయట నా గుంటకి! పొద్దుగూకులూ వాగుతాది. నోరు మూయించలేక నానే సస్తన్నాను. తక్కువెలగవుతాయే?"

"పిల్లవి కాదక్కా. పుస్తకంలోవి."

"మరైతే పుస్తకాన్ని తూసుకోమను."

నూకరత్నం వచ్చింది. ఒక చెవికి పూసల కమ్మ ఉంది, రెండోది పెట్టుకోవడం మరిచిపోయింది. చేతిలో చెంబు ఉంది, నీళ్ళు లేవు. నీళ్ళు తెమ్మని పంపితే దారిలో పీతను చూసి దాని వెంట పోయిందట. నిజం రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను: నూకరత్నానికి నిలకడ తక్కువన్నది అబద్ధం కాదు. కూర్చున్న కాసేపట్లోనే నా సంచి మూతి విప్పింది, పలకల సందులో వేలు పెట్టింది, పక్కింటి పిల్లి ఎందుకు ఏడుస్తోందో నన్నడిగి, జవాబు వినకుండానే లేచింది.

"పుస్తకం ఎందుకు చదవడం లేదు?"

"అది సచ్చిపోతంది," అంది. "రోజూ సన్నమైపోతంది. నానేటీ సెయ్యనేదు."

నాకు పూర్తి కథ నోటికి వచ్చు. పుస్తకం మూసి పక్కన పెట్టి, నేనే చెప్పడం మొదలుపెట్టాను. ముసలమ్మ ముంగిలి దగ్గరకు వచ్చేసరికి పిల్ల మొహం తిప్పేసి నీళ్ళ వైపు చూసింది. నోరు కాస్త తెరుచుకుంది. సరే, పోయిందనుకున్నాను. ఆపేశాను.

"వింటున్నావా నూకీ?"

"ఉండు," అంది అటే చూస్తూ. "ముంగిలి సూత్తన్నాను."

చూడనిచ్చి ఆగాను.

"అక్కడ కోడి ఉంటాదా?" అని అడిగింది కాసేపటికి.

"ఉండొచ్చు."

"ఉంది. నడుస్తంది. కిందేటి, పలకల్నేవు కదా. మట్టి. కోడి తడవకుండా నడుస్తంది." అప్పుడు నా వైపు తిరిగింది. "సూసీసేను. ఇప్పుడు సెప్పు."

చెప్పాను. 'గుబులు' దగ్గర మళ్ళీ చూపు పోయింది. ఈసారి ఆకాశం వైపు. మళ్ళీ తిరిగొచ్చింది. కథ అయ్యాక, ముసలమ్మ చాట ఎందుకిచ్చిందో, మేఘం ఎందుకు ఏడ్చిందో నాకే వివరించి చెప్పింది.

పడవలో తిరిగి వస్తున్నప్పుడు అర్థమైంది. పుస్తకం తీసేసిన మాటలు ఆ పిల్లకు విసుగు పుట్టించినవి కావు. ఆ పిల్ల తల ఎత్తి చూసిన మాటలు. నచ్చిన మాట వచ్చినప్పుడల్లా దాన్ని చూడడానికి తల ఎత్తుతుంది, తల ఎత్తినప్పుడల్లా పుస్తకం ఆ మాటను తుడిచేస్తుంది. నచ్చనివి మాత్రం మిగులుతాయి. 'పోయింది', 'వచ్చింది' అనే మాటల దగ్గర ఎవరు తల ఎత్తుతారు?

జూలై 12, బుధవారం

విశ్వేశం గారితో గొడవ పడ్డాను. గొడవ అని నేనంటున్నాను. ఆయన గొంతు పెంచలేదు.

జరిగిందంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. వింటున్నంతసేపూ నా కళ్ళలోకే చూశారు. వినడమంటే ఆయన దృష్టిలో అదే.

"నువ్వు చెప్పింది జరిగి ఉండొచ్చు. కానీ పిల్ల నీళ్ళ వైపు చూసినప్పుడు ముంగిలిని చూస్తోందో, కాకిని చూస్తోందో పుస్తకానికెలా తెలుస్తుంది?"

"తెలియదు కదా సార్. తెలియనప్పుడు తీసెయ్యకూడదు."

"ఊహను కొలిచే సాధనం మన దగ్గర లేదమ్మాయ్. చూపును కొలవగలం."

"కొలవగలిగింది కొలిచి, కొలవలేనిది లేదంటారా?"

"లేదనను. లెక్కలోకి రాదంటాను." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తేలువాడ పిల్లలు పుట్టినప్పటి నుంచీ ఊగే పలకల మీదే పెరుగుతారు. కళ్ళు ఒకచోట నిలవవు. ఇది వాళ్ళ తప్పని నేనెప్పుడూ అనలేదు."

ఎంత జాలిగా అన్నారో! తిట్టి ఉంటే బాగుండేది. నేనూ ఆ పలకల మీదే పెరిగాను. మా అమ్మ నన్ను 'గాలి గుంట' అనేది. అన్నం తింటూ లేచిపోయేదాన్ని, జడ సగం అల్లుకుని మరిచేదాన్ని. నా చిన్నప్పటికి చూపు పుస్తకాలు ఇంకా రాలేదు. మా బడిలో కాగితపు పుస్తకాలు నాలుగు ఉండేవి, చెమ్మకు ఉబ్బిపోయినవి. నేను మధ్యలో లేచిపోయి ఎప్పుడో తిరిగొచ్చినా, వదిలిన మాట అక్కడే ఉండేది. అవే నా కాలంలో కూడా కళ్ళున్న పుస్తకాలై ఉంటే నేను ఇప్పుడు పంపుల దగ్గర గంట కోసం ఎదురుచూస్తూ ఉండేదాన్ని. మోటబావి, నెగడు, ఆనవాలు, మారాకు... ఈ మాటలేవీ నాకు తెలిసేవి కావు. తెలియవన్న సంగతి కూడా తెలిసేది కాదు.

వెళ్ళబోతుంటే విశ్వేశం గారు పిలిచారు.

"ఒక దారి ఉంది. చూపు నిలిపితే పుస్తకం మాటలను తిరిగి చేరుస్తుంది. ఆదివారం లోగా పిల్ల చేత పేజీ మీద చూపు నిలిపించమని తల్లికి చెప్పు. గట్టెక్కుతుంది."

ఆయన మంచి మనసుతోనే చెప్పారు. నేను దాలమ్మక్కకు కబురు పంపాను. ఇంకేం చెయ్యాలో నాకు తోచలేదు.

జూలై 14, శుక్రవారం

దాలమ్మక్క పడవ రేవు దాకా ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"సూడవే! మీ ముసలాయన సెప్పినట్టే సేసేను. ఎలగ బలిసిందో సూడు!"

పుస్తకం తెరిచాను. నిజమే. వాక్యాలు తిరిగొచ్చాయి. చాట వచ్చింది. చినుకులు వచ్చాయి. ముంగిలి కూడా వచ్చింది, నల్లగా, నిక్కచ్చిగా.

"ఎలా చేయించావక్కా?"

"ఎలగేటి, ఒల్లో కూకోబెట్టుకుని గెడ్డం పట్టుకున్నాను. తల తిప్పితే ఒప్పుకోనేదు. నిన్న కాస్త ఏడిసింది. ఇయ్యాల ఏడవనేదు."

నూకరత్నం గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండు చెవులకూ కమ్మలున్నాయి. చేతులు ఒళ్ళో ఉన్నాయి. నేను పక్కన కూర్చుంటే సంచి వైపు చెయ్యి రాలేదు.

"కథ చదివావటగా. ముసలమ్మ ఏం ఇచ్చింది?"

"తెల్దు."

"మేఘం ఎక్కడికెళ్ళింది?"

"తెల్దు. సూడమన్నారు. సూసేను."

పుస్తకం తెరిచి ఆ పిల్ల ముందు పెట్టాను. వెంటనే వంగి, రెప్ప వెయ్యకుండా పేజీ వైపు చూడడం మొదలుపెట్టింది. కళ్ళు మాటల మీద కదలడం లేదు. ఒకే చోట దిగేసినట్టున్నాయి. పేజీ అంచున ఉన్న ఆవగింజ కన్ను సంతోషంగా పచ్చగా మెరిసింది.

నాకు ఎంత కోపం వచ్చిందో రాయడానికి మాట వెతుకుతున్నాను. 'మండింది' సరిపోదు. పుస్తకం మీద కాదు, దానికి బుద్ధి లేదు. కళ్ళు కాగితానికి అతుక్కుంటే చదువు వచ్చినట్టేనని ఎవరు అనుకున్నారో వాళ్ళ మీద. దాన్ని పిల్లల మంచికేనని ఆరేళ్ళ పిల్లల ఒళ్ళో పెట్టిన వాళ్ళ మీద. అప్పుడు మాటలు లేని పుస్తకం, కథ తెలిసిన పిల్ల. ఇప్పుడు మాటలున్న పుస్తకం, కథ తెలియని పిల్ల. తూకంలో ఎక్కువ బరువు తూగేది ఇదే!

"అక్కా, దీనికేమీ ఎక్కలేదు," అన్నాను. "చూస్తోందంతే. వినడం లేదు, ఊహించడం లేదు. ఇది చదువు కాదు."

"కాకపోతే పోనీ."

"అదేంటక్కా!"

"ఒలే తరళా." దాలమ్మక్క గొంతు తగ్గించింది. "నువ్వు సెప్పినవన్నీ నిజమే కావచ్చు. నువ్వు గట్టెక్కేసినావు, నీకు నిజాలు కావాల. నా మొగుడు పంపుల కాడ ఏటయ్యాడో నీకు తెల్దా? సెవులు పోనాయి. పిలిస్తే పలకడు, ఎక్కడో గంట మోగితే మాత్రం లేసి నిలబడతాడు. నా గుంట అక్కడికి పోకుండా ఉంటే సాలు. గెడ్డం కాదు, అవసరమైతే రెప్పలు కూడా పట్టుకుంటాను."

పుస్తకం మూసి దాలమ్మక్క చేతికిచ్చి పడవెక్కాను. 

జూలై 15, శనివారం

మధ్యాహ్నం భోజనాల వేళ కాగితపు పుస్తకాల గదిలోకి వెళ్ళాను. నాకంటే ముందే విశ్వేశం గారు అక్కడున్నారు. చేతిలో అట్ట ఊడిన పాత పిల్లల పుస్తకం. పక్కన తెరవని భోజనం డబ్బా. ఆయన పుస్తకం వైపు చూడడం లేదు. పైన చూరు వైపు చూస్తున్నారు. నేను వచ్చినట్టు కూడా తెలియలేదు.

తప్పని తెలిసే అడిగాను.

"ఏ మాట దగ్గర జారింది సార్, చూపు?"

ఉలిక్కిపడ్డారు. కోప్పడతారనుకున్నాను. ఏమనుకున్నారో, నిజమే చెప్పారు.

"చింతచిగురు."

"చూశారా?"

"చూశాను. లేత ఎరుపు. వేళ్ళతో నలిపితే..." ఆగిపోయారు. "గట్టు మీద ఆ చెట్లు పోయి చాలా ఏళ్ళయింది."

"ఆ మాట తీసెయ్యమంటారా సార్?"

ఆయన పుస్తకం మూశారు. డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టారు.

"నీకు నోరెక్కువమ్మాయ్."

"తేలువాడలో అందరికీ అంతే సార్. గాలికి వినపడదు, గట్టిగా మాట్లాడాలి."

నవ్వు వచ్చి ఆపుకున్నట్టు మీసం కదిలింది. తర్వాత నెమ్మదిగా, ఎవరితోనో బేరమాడుతున్నట్టు చెప్పారు. తూకం సంఘంలో ముగ్గురున్నారు. ఆయన ఒకరు. పుస్తకం బరువు చూసి తీర్పు చెప్పడం అలవాటే గాని నియమం కాదు. పిల్లకు ఎవరైనా చదివి వినిపించి, ఆ తర్వాత పిల్లను ప్రశ్నలు అడగమని కోరవచ్చు. ఇంతవరకూ ఎవరూ కోరలేదు. తల్లి ఒప్పుకోవాలి. చూపు పుస్తకాన్ని పక్కన పెట్టేస్తే దాని బరువు లెక్కలోకి రాదు. పిల్ల సరిగ్గా చెప్పకపోతే నేరుగా బొమ్మల బడికే. మళ్ళీ తూకం ఉండదు.

"మిగతా ఇద్దరి సంగతి నాకు తెలియదు," అన్నారు. "నువ్వు అడిగితే నేను కుదరదనను. ఇంతకంటే నా దగ్గర నుంచి ఆశించకు."

ఇంతకంటే ఆశిస్తాను. కానీ ఆ మాట ఆయనతో అనలేదు.

జూలై 16, ఆదివారం

దాలమ్మక్కకు ఎలా చెప్పాలో పడవలో వెళ్తున్నంతసేపూ వాక్యాలు కట్టుకున్నాను. ఒక్కటీ వాడాల్సిన అవసరం రాలేదు.

ఆమె నాచు తిరగెయ్యడం లేదు. గడప మీద కూర్చుని ఉంది. లోపల నుంచి ఏ శబ్దమూ లేదు. ఆ ఇంట్లో శబ్దం లేకపోవడం నేనెప్పుడూ వినలేదు.

"నిన్నటేల నుంచీ ఇంతే," అంది. "మాట నేదు. కూడెడితే తింటంది. రమ్మంటే వొస్తంది. పొద్దున్న జడేస్తంటే నా మొకం సూసింది. పుస్తకాన్ని సూసినట్టే సూసింది. రెప్ప ఎయ్యనేదు." ఆమె పెదవి కొరుక్కుంది. "తల్లిని అలగ సూత్తారేటే?"

విశ్వేశం గారు చెప్పినదంతా చెప్పాను. ఏదీ దాచలేదు. తప్పితే రెండో తూకం లేదన్నది రెండుసార్లు చెప్పాను.

"పుస్తకంతో ఎల్తే?" అని అడిగింది.

"గట్టెక్కుతుంది. ఇవాళ్టి బరువు చాలు."

"ఎల్లాక?"

"బడిలో అన్నీ చూపు పుస్తకాలేనక్కా. ప్రతి రోజూ ఇలాగే చూడాలి."

దాలమ్మక్క లేచి లోపలికి వెళ్ళింది. చూపు పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. "తీసుకుపో. ఇది మా ఇంట్లో ఉండనక్కర్నేదు." తర్వాత నా మణికట్టు గట్టిగా పట్టుకుంది, నొప్పి పుట్టేలా. "తప్పితే నిన్ను నీళ్ళలో తోసేస్తాను."

"తొయ్యక్కా."

"నీకు ఈత వొచ్చు కదా, సిగ్గునేదు," అని కళ్ళు తుడుచుకుంది.

లోపల నూకరత్నం గోడ దగ్గరే ఉంది. పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు, ఏ కథా మొదలుపెట్టలేదు. ఎంతోసేపటికి పైకప్పు మీద ఏదో గీరిన చప్పుడైంది. పిల్ల తల కొంచెం ఎత్తింది. వెంటనే తల్లి వైపు చూసి దించేసుకుంది.

"సూడే," అంది దాలమ్మక్క. "నీ ఇష్టం వొచ్చినట్టు సూడు. ఎవరూ ఏటనరు."

పిల్ల మళ్ళీ తల ఎత్తింది. "పిల్లి," అంది. నిన్నటి నుంచీ దాని మొదటి మాట అది.

ఇప్పుడు పుస్తకశాలకు తిరిగొచ్చి రాస్తున్నాను. ఇంకా వెలుతురుంది. ఈ వారమంతా నేను చెప్పాలనుకున్నది ఇంతే అనిపిస్తోంది: పుస్తకం పని పిల్ల చూపును పట్టుకోవడం కాదు. చూపు వెళ్ళి తిరిగొచ్చేసరికి మాట అక్కడే ఉండాలి, అంతే. ఇంత చిన్న సంగతి పెద్ద పెద్ద చదువులు చదివిన వాళ్ళతో పోట్లాడి చెప్పాల్సి రావడమే నాకు కోపం. రేపు సంఘంలో మిగతా ఇద్దరూ ఒప్పుకోకపోవచ్చు. నన్ను ఇక్కడి నుంచి పంపెయ్యనూ వచ్చు. నాకు భయంగా ఉంది. కోపం దానికంటే కాస్త ఎక్కువగా ఉంది.

రేపు ఉదయం ఏం చెయ్యాలో రాసుకుంటున్నాను. మొదటి పడవలో వెళ్ళి తల్లినీ పిల్లనీ తీసుకురావాలి. నూకరత్నాన్ని అంతకుముందే పీతల దగ్గరకో, పిల్లి దగ్గరకో నాలుగుసార్లు పరుగెత్తించాలి. అప్పుడే కాస్త కూర్చుంటుంది. సంఘం గదిలో కిటికీ పక్కన కుర్చీ వెయ్యమని అడగాలి, గోడ వైపు కాదు. నేను చదవబోయేది ఆ పిల్ల ఇంతవరకూ వినని కథ, కాగితం మీదది. అందులో అడవి ఉంది, రెల్లుగడ్డి ఉంది, నక్క తోక ఉంది. ఇవేవీ ఆ పిల్ల పుట్టాక చూడలేదు. ఒక్కొక్క మాట దగ్గరా దాని చూపు కిటికీలోంచి పోతుంది. పోయినప్పుడల్లా నేను చదవడం ఆపేస్తాను. సంఘం వాళ్ళు గడియారం చూసుకుంటారు, కుర్చీలు కదుపుతారు, దగ్గుతారు. దగ్గనీ. పిల్ల చూసి తిరిగి వచ్చేదాకా ఆ పెద్దవాళ్ళందరూ నాతో పాటు ఆగాల్సిందే.